పాత ఫిల్మ్ కెమెరాలో లైట్ మీటర్ తప్పు చూపిస్తోందా? పోయిందనే ముందు ఇవి చూస్కోండి

ఒడిశాలో మా బరంపురం వైపు, పర్లాకిమిడి, గుణుపూర్ వైపు ఈమధ్య బీరువాల్లోంచి పాత కెమెరాలు బాగా బయటికొస్తున్నాయి, తాతగారి యాషికా అని ఒకరు, మూసేసిన స్టూడియోలోంచి తెచ్చిన పెంటాక్స్ అని ఇంకొకరు పట్టుకొస్తారు, అందరూ అడిగేది ఒకటే, "షట్టర్ పడుతోంది గానీ మీటర్ పోయింది, ఏటి చెయ్యాలి?" అని. మీటర్ అంటే వెలుతురుని కొలిచి ఫిల్మ్ మీద ఎంత పడనివ్వాలో, అంటే ఎక్స్‌పోజర్ ఎంతో, ముల్లుతోనో చిన్న లైట్లతోనో చూపించే భాగం. పోయిందని ఎలా తెలిసిందీ అంటే ముల్లు అసలు కదలట్లేదని కొందరు, పిచ్చిపట్టినట్టు ఊగుతోందని కొందరు, రోల్ కడిగిస్తే సగం ఫోటోలు చీకటిగా వచ్చాయని కొందరు చెప్తారు. ఈ మూడూ వేరే వేరే జబ్బులండీ, పైగా మూడోదాన్లో చాలాసార్లు మీటర్ తప్పేమీ ఉండదు. అందుకని ఒక వరసలో చూసుకుంటూ వెళ్లాలి, డబ్బు ఖర్చు లేనివి ముందు, స్క్రూడ్రైవర్ పట్టేవి ఆఖర్న.

మొదట మీటర్ ఆన్ అయిందో లేదో చూడండి. నవ్వకండి, ఒక్కో కెమెరాకి ఒక్కో పద్ధతి, మాన్యువల్ పుస్తకం ఎప్పుడో పోయుంటుంది కాబట్టి చాలామందికి ఇక్కడే దెబ్బ పడుతుంది. నికాన్ ఎఫ్ఎం అయితే ఫిల్మ్ తిప్పే లివర్‌ని కొంచెం బయటికి లాగి ఉంచితేనే లోపల ఎర్ర లైట్లు వెలుగుతాయి, ఎఫ్ఎం 2 అయితే లివర్ లాగి షట్టర్ బటన్ సగం నొక్కాలి. మినోల్టా ఎస్ఆర్‌టీ 101 కి అడుగున స్విచ్ ఉంటుంది. పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌లో లెన్స్ పక్కనున్న స్విచ్ పైకి తోస్తేగానీ మీటర్ పనిచెయ్యదు, తోసినప్పుడు అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం) కూడా మూసుకుని ఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) కాస్త చీకటవుతుంది, అది మామూలే. యాషికా మ్యాట్ 124జీ కి పైన హుడ్ తెరిస్తే మీటర్ ఆన్, మూస్తే ఆఫ్. పెంటాక్స్ కే 1000 కి స్విచ్చే లేదు, లెన్స్ మీద మూత పెట్టడమే దానికి స్విచ్, వెలుతురు పడకపోతే దాన్ని కొలిచే సెల్‌లోంచి కరెంటు దాదాపు పోదు కాబట్టి. మూత లేకుండా టేబుల్ మీద వదిలేసే అలవాటుంటే బ్యాటరీ ఊరికే అయిపోతూ ఉంటుంది, దానికి మీటర్ని తిట్టుకుని లాభం లేదు.

కానన్ ఏఈ 1 గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాని మీద వచ్చే కంప్లైంట్లలో చాలావరకు కంప్లైంట్లే కావు. "అపర్చర్ రింగ్ తిప్పుతుంటే ముల్లు కదలట్లేదు" అంటారు. కదలదు, దాన్ని అలాగే చేశారు. ఆ ముల్లు మీరు పెట్టిన అపర్చర్ని చూపించదు, పెట్టాల్సిన అపర్చర్ని చూపిస్తుంది. రింగ్‌ని ఏ అనే గుర్తు మీద ఉంచితే కెమెరాయే చూసుకుంటుంది, మీరే పెట్టాలనుకుంటే ముల్లు చూపించిన నంబరు చూసి చేత్తో తిప్పుకోవాలి. షట్టర్ స్పీడ్ మారిస్తే మాత్రం ముల్లు కదలాలి, అప్పుడూ కదలకపోతే అది నిజంగా సమస్యే.

తర్వాత ఐఎస్ఓ డయల్, అంటే ఫిల్మ్ వెలుతురుని ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే నంబరు పెట్టేది. 400 ఫిల్మ్ వేసి డయల్ 100 మీద ఉండిపోతే మీటర్ నిజాయితీగానే రెండు స్టాపులు (ఒక్కో స్టాప్‌కి వెలుతురు రెట్టింపు) ఎక్కువ వెలుతురు పెట్టమంటుంది. సంచిలో రాపిడికి తిరిగిపోయే డయళ్లు కొన్ని ఉంటాయి, ప్రతి రోల్‌కీ ఒకసారి చూడాల్సిందే. జెనిట్ ఇ లాంటి రష్యా కెమెరాల్లో కొన్నిటికి ఐఎస్ఓ బదులు గోస్ట్ అనే పాత రష్యన్ లెక్క రాసుంటుంది, గోస్ట్ 250 అంటే మన లెక్కలో దాదాపు 320, నెగటివ్ ఫిల్మ్‌కి ఆ తేడా ఏమీ కాదు గానీ డయల్ మీద 400 కనపడక కంగారుపడేవాళ్లు ఉంటారు కాబట్టి చెప్తున్నా.

ఇప్పుడు కొలిచే పద్ధతి. మీటర్‌కి ఏమీ తెలీదండీ, దాని ముందు ఏది పెట్టినా అది ఒక మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. తెల్ల సున్నం గోడ ముందు మనిషిని నిలబెట్టి కొలిస్తే ఆ గోడని బూడిదరంగు చెయ్యడానికి వెలుతురు తగ్గిస్తుంది, మనిషి మొహం నల్లబడిపోతుంది. గోపాల్‌పూర్ ఇసక మీద, కోరాపుట్ వైపు చలికాలం పొద్దున్న మంచులో, ఆకాశం సగం ఫ్రేమ్ ఉన్నప్పుడు ఇదే జరుగుతుంది. అలాంటి చోట మీటర్ చెప్పినదానికన్నా ఒక స్టాప్, బాగా తెలుపైతే రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. నల్ల మేకనో, నల్ల రాతి విగ్రహాన్నో ఫ్రేమ్ నిండా తీస్తే దీనికి పూర్తిగా ఎదురు, తగ్గించాలి. పచ్చగా ఉన్న వరి చేను గానీ, నీడా ఎండా కలవకుండా ఒకే వెలుతురులో ఉన్న గడ్డి గానీ దాదాపు ఆ మధ్యరకం దగ్గరగా ఉంటుంది, అక్కడ కొలుచుకుని ఆ సెట్టింగే ఉంచి ఫోటో తియ్యండి. చేలు దగ్గర్లో లేకపోతే మీ అరచెయ్యి ఉంది, మనిషి ఏ రంగున్నా అరచెయ్యి ఇంచుమించు ఒకేలా ఉంటుంది, మధ్యరకం కన్నా ఒక స్టాప్ తెలుపు, కాబట్టి అరచేతి మీద కొలిచి ఒక స్టాప్ పెంచితే సరిపోతుంది. చెయ్యి మీద పడే వెలుతురూ మనిషి మీద పడే వెలుతురూ ఒకటే అయ్యుండాలి, అది మర్చిపోకండి.

వెనక నుంచి దూరే వెలుతురు ఇంకోటి. ఫైండర్ అద్దంలోంచి ఎండ లోపలికి పడితే కొన్ని కెమెరాల్లో మీటర్ మోసపోతుంది, పెంటాక్స్ స్పాట్‌మాటిక్, కే 1000 లాంటి వాటిలో సెల్స్ ఐపీస్‌కి అటూఇటూ పక్కనే ఉంటాయి కాబట్టి ఎక్కువ. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి కంటికీ ఐపీస్‌కీ మధ్య సందుంటుంది, స్టాండ్ మీద పెట్టి దూరంగా నిలబడితే ఇంకా దారుణం. టెస్ట్ చాలా సులువు, ఎండని వీపు వైపు ఉంచుకుని నీడలో ఉన్న గోడని చూస్తూ ఐపీస్ చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టండి, ముల్లు దిగిందంటే దొంగ దొరికినట్టే.

ఇవన్నీ బాగుండి కూడా తేడా వస్తోందంటే అప్పుడు బ్యాటరీ. నా లెక్కలో అసలు కథ ఇక్కడే ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

1960ల్లో, 70ల్లో వచ్చిన చాలా కెమెరాలు పీఎక్స్ 625 అనే పాదరసం బ్యాటరీ కోసం చేసినవి. ఓలింపస్ ఓఎం 1, కానొనెట్ క్యూఎల్ 17, మినోల్టా ఎస్ఆర్‌టీ 101, యాషికా మ్యాట్ 124జీ అన్నీ ఆ బాపతే. ఆ బ్యాటరీ 1.35 వోల్టులు ఇచ్చేది, అయిపోయేదాకా కదలకుండా అంతే ఇచ్చేది, అందుకే కెమెరా కంపెనీలు వోల్టేజ్ స్థిరంగా ఉంచే సర్క్యూట్ పెట్టే శ్రమ పడలేదు. పాదరసం విషం కాబట్టి తర్వాత వాటిని ఆపేశారు. ఇప్పుడు షాపువాడు అదే సైజులో ఇచ్చే ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు, పైగా వాడేకొద్దీ మెల్లగా దిగిపోతూ ఉంటుంది. ఎక్కువ వోల్టేజ్ వెళ్తే మీటర్ ఏమనుకుంటుందంటే బయట వెలుతురు ఎక్కువుందని, అప్పుడు ఎక్స్‌పోజర్ తగ్గించమంటుంది, మీ ఫోటోలు చీకటిగా వస్తాయి. కెమెరాని బట్టి ఒక స్టాప్, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. అదే బ్యాటరీ సగం అయ్యాక తప్పు ఇంకోలా ఉంటుంది, ఈ నెల ఒక లెక్క వచ్చే నెల ఇంకో లెక్క, దీన్నే జనం మీటర్‌కి పిచ్చెక్కిందంటారు.

స్పాట్‌మాటిక్ లాంటివి కొన్ని బ్రిడ్జ్ సర్క్యూట్‌తో చేసినవి, వాటికి వోల్టేజ్ కొంచెం అటూఇటూ అయినా రీడింగ్ పెద్దగా మారదు, దానికి సరిపడే సైజులో సిల్వర్ బ్యాటరీ 1.55 వోల్టులది హాయిగా వేసుకోవచ్చు. కే 1000, నికాన్ ఎఫ్ఎం లాంటివి మొదట్నించీ ఎల్ఆర్ 44, ఎస్ఆర్ 44 సైజు వాటికే చేశారు, గొడవే లేదు. ఏఈ 1 కి 6 వోల్టులది, 4ఎల్ఆర్ 44 అని అడగాలి, దానికి బ్యాటరీ లేకపోతే షట్టరే పడదు. ఎల్ఆర్, ఎస్ఆర్ సైజు ఒకటే, తేడా ఏంటంటే ఎల్ఆర్ ఆల్కలైన్ కాబట్టి వోల్టేజ్ జారుతూ ఉంటుంది, ఎస్ఆర్ సిల్వర్ కాబట్టి చివరిదాకా నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది. మీటర్‌కి కావాల్సింది రెండోది. గడియారాల షాపులో అడిగితే రెండూ ఒకటే అని ఎల్ఆర్ చేతిలో పెడతారు, మీద రాసున్నది చదివి తీసుకోండి.

పీఎక్స్ 625 కెమెరాలకి మూడు దార్లు. చౌకది చెవి మిషన్ బ్యాటరీ, 675 సైజు, నీలం స్టిక్కర్ ఉంటుంది, 1.4 వోల్టులు, పాదరసం దానికి బాగా దగ్గర. మన వైపు చెవి మిషన్లు అమ్మే షాపుల్లో, పెద్దాస్పత్రుల దగ్గరుండే మెడికల్ షాపుల్లో అడగండి. స్టిక్కర్ పీకాక గాలి లోపలికి వెళ్తేనే అది పనిచేస్తుంది, అందుకని పీకి ఒక నిమిషం బయట ఉంచి అప్పుడు వెయ్యండి, ఆ చిన్న చిల్లులు మూసెయ్యకండి. ఒకసారి పీకాక మీరు వాడినా వాడకపోయినా కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు, మళ్లీ స్టిక్కర్ అంటించినా పెద్ద లాభం ఉండదు. వెడల్పులో తేడా ఉంటుంది, పీఎక్స్ 625 దాదాపు 15.6 మిల్లీమీటర్లు, ఇది 11.6, కాబట్టి చుట్టూ ఒక రబ్బర్ వాషర్ వేసి మధ్యలో నిలబెట్టాలి, నల్లాలకి వేసే వాషర్లలో సరిపడేది దొరుకుతుంది. రెండో దారి వోల్టేజ్ తగ్గించే డయోడ్ ఉన్న అడాప్టర్, అందులో దానికి సరిపడే సిల్వర్ బ్యాటరీ వేసుకోవాలి, ఖరీదు ఎక్కువ గానీ ఒకసారి కొంటే అయిపోతుంది. మూడోది ఆల్కలైన్ వేసి ఐఎస్ఓ డయల్ తగ్గించి సర్దుకోవడం, ఇది నాకు నచ్చదు, ఎండలో సరిపోయిన లెక్క నీడలో సరిపోదు, వోల్టేజ్ దిగేకొద్దీ అదీ మారిపోతుంది.

మల్టీమీటర్ ఇంట్లో ఉంటే బ్యాటరీని కొలవండి, లేకపోతే రేడియోలు, మోటార్లు బాగుచేసే అబ్బాయి దగ్గర ఉంటుంది. కొత్త ఎస్ఆర్ 44 అయితే 1.55 దగ్గర చూపించాలి. కొత్త ప్యాకెట్లో తీసినదే కదా అని నమ్మెయ్యకండి, చిన్న ఊళ్లలో బటన్ బ్యాటరీలు షాపులో ఏళ్ల తరబడి వేలాడుతుంటాయి.

బ్యాటరీ మంచిదైనా కరెంటు లోపలికి వెళ్లాలి కదా. మా బావ పర్లాకిమిడిలో ఒక మూసేసిన స్టూడియోవాళ్ల దగ్గర మ్యాట్ 124జీ కొన్నాడు, లెన్స్ అద్దంలా ఉంది, మీటర్ ముల్లు మాత్రం చచ్చినట్టు పడుంది. "బావా, కొత్త బ్యాటరీ వేశాను, అయినా లేదు" అన్నాడు. మూత నాణెంతో విప్పి చూస్తే మూత లోపలి వైపు తెల్లగా, అంచుల్లో ఆకుపచ్చగా పొడి పట్టుంది, సున్నం ఎండిపోయినట్టు. లోపల స్ప్రింగ్ రేకు మీద కూడా అదే. పాత ఆల్కలైన్ కారిపోయి ఎండిపోతే అలాగే ఉంటుంది, ఆ కారేది క్షారం, అందుకని దానికి మందు పులుపు. ఇయర్ బడ్‌కి కొంచెం వెనిగర్, లేకపోతే నిమ్మరసం అద్ది, పిండేసి, తడి కారకుండా ఉన్నదాంతో రుద్దాం, చిన్నగా బుడగలొచ్చి పొడి వదిలింది, బడ్ నీలంగా అయిపోయింది. అలా నాలుగైదు బడ్లు మార్చి, తర్వాత ఐసోప్రొపైల్ స్పిరిట్ అద్దిన బడ్‌తో ఆ పులుపంతా తుడిచేశాం, పులుపు ఉండిపోతే అదే మళ్లీ రేకుని తినేస్తుంది. ఆరాక పెన్సిల్ రబ్బరు ముక్కతో రేకు మెరిసేదాకా రుద్ది, రాలిన తుక్కు గాలి పంపుతో ఊదేశాం. మూతకి ఉండే మరలు కూడా శుభ్రం చెయ్యాలి, చాలా కెమెరాల్లో ఒక వైపు కరెంటు ఆ మూత మరల్లోంచే బాడీకి వెళ్తుంది, జనం లోపల రేకు తుడిచి ఇది వదిలేస్తారు. బ్యాటరీ వేసి హుడ్ తెరిచేసరికి ముల్లు లేచింది. "వార్నీ, దీనికా నేను విశాఖపట్నం తీసుకెళ్దామనుకున్నా" అన్నాడు.

ప్రతిసారీ అంత సులువుగా అవ్వదు. ఆ కారినది ఒక్కోసారి వైరు లోపల రాగి తీగ వెంట పాకుతుంది, పైన ప్లాస్టిక్ బాగానే ఉంటుంది, లోపల తీగ నల్లగా పొడిపొడి అయిపోయుంటుంది. అప్పుడు ఎంత తుడిచినా లాభం లేదు, వైరు మార్చి టంకం పెట్టాల్సిందే. దాని గుర్తు, కెమెరాని కొంచెం తట్టినా తిప్పినా మీటర్ వచ్చి పోతుంటుంది. కంటిన్యూటీ, అంటే వైరులో కరెంటు తెగకుండా వెళ్తోందో లేదో మల్టీమీటర్‌తో చూడ్డం తెలిసినవాళ్లు అడుగు ప్లేట్ విప్పి చూసుకోవచ్చు, చాలా కెమెరాల్లో అది రెండు మూడు స్క్రూలే. టాప్ ప్లేట్ మాత్రం సరదాకి విప్పొద్దు, దాని కింద వెంట్రుకంత సన్నని తీగలూ, కొన్నిటిలో డయళ్ల కింద చుట్టిన దారాలూ ఉంటాయి, అవి ఒకసారి జారితే మీటర్ మాట అటుంచి మంచిగా పనిచేస్తున్న కెమెరా కూడా పోతుంది.

తుడిచేటప్పుడు ఇంకో మాట, డబ్ల్యూడీ 40 దగ్గరికి రానివ్వకండి. తలుపు బందుకి వాడేది కెమెరాలో కొడితే ఆ నూనె మెల్లగా పాకి అపర్చర్ రేకుల మీదకి, షట్టర్ మీదకి చేరుతుంది. కాంటాక్ట్ క్లీనర్ అయినా నేరుగా స్ప్రే చెయ్యొద్దు, బడ్ మీద కొట్టుకుని అద్దాలి. కెమెరాలో ఇరవై ముప్ఫై ఏళ్ల నాటి పాదరసం బ్యాటరీ ఉబ్బిపోయి కనిపిస్తే దాన్ని పొడవొద్దు, చెత్తతో పాటు కాల్చొద్దు, ప్లాస్టిక్ కవర్లో కట్టి ఈ వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

కరెంటు సరిగ్గా వెళ్తోంది, అయినా ముల్లు తిక్కగా ఉంది అంటే ఆ తిక్క ఎలాంటిదో గమనించండి, సగం సమాధానం అందులోనే ఉంటుంది. షట్టర్ డయలో, అపర్చర్ రింగో మెల్లగా తిప్పుతుంటే ముల్లు కూడా మెల్లగా జరగాలి. ఒకచోట దాకా బాగా జరిగి టక్కున ఎగిరి మళ్లీ కిందపడిందంటే డయల్ కింద రెసిస్టర్ పట్టీ మీద మురికి పట్టిందన్నమాట. డయల్‌ని ఆ చివర్నించి ఈ చివరికి చాలాసార్లు తిప్పండి, ఐఎస్ఓ డయల్ కూడా అలాగే, బాగా వాడక మూలపడ్డ కెమెరాల్లో దీనితోనే సగం బాగవుతాయి. ముల్లు ఒకే చోట ఇరుక్కుని, కెమెరాని అరచేత్తో మెల్లగా తడితే కదిలిందంటే ముల్లు తిరిగే ఇరుసు దగ్గర ఏదో పట్టుంది, అది మెకానిక్ పని. ముల్లు మెల్లమెల్లగా ఒక పది సెకన్లు జారుకుంటూ వెళ్లి ఆగుతోందంటే అది చీకట్లో మాత్రమేనా చూడండి. సీడీఎస్ సెల్స్‌కి (కాడ్మియం సల్ఫైడ్‌తో చేసిన పాతరకం వెలుతురు సెల్స్) జ్ఞాపకం అనే గుణం ఒకటి ఉంది, ఎండలోంచి ఒక్కసారిగా గుడి లోపలికి వెళ్తే కాసేపు ఎండ మైకంలోనే ఉంటుంది, సర్దుకోడానికి కొంత టైం పడుతుంది. మా బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రాత్రి లైట్లలో అలాంటి కెమెరాతో తీస్తే లైట్ వైపు ఒకసారి చూపించి వెంటనే చీకటి మొహాన్ని కొలవకండి. నికాన్ ఎఫ్ఎం లో ఉండే కొత్తరకం సెల్స్‌కి ఈ బాధ లేదు.

ఇక పోల్చి చూడ్డం. ఫోన్లో ఏదో ఒక లైట్ మీటర్ యాప్ వేసుకోండి, లేదా డిజిటల్ కెమెరా ఉంటే అది ఇంకా మంచిది. రంగు ఒకేలా ఉన్న, వెలుతురు ఒకేలా పడుతున్న గోడ కావాలి, మీ నీడ దాని మీద పడకూడదు. రెండిటినీ గోడకి దగ్గరగా, ఫ్రేమ్ నిండా గోడే ఉండేలా పెట్టి, ఐఎస్ఓ ఒకటే పెట్టి కొలవండి. యాప్‌లో వెనక కెమెరాతో కొలిచే పద్ధతి ఎంచుకోండి, స్క్రీన్ వైపున్న సెన్సర్ మీద పడే వెలుతురుని కొలిచేది వేరే రకం, దాన్ని దీంతో పోల్చకూడదు. గోడ ఏ రంగైనా పర్లేదు, ఇద్దరూ ఒకే గోడ చూస్తున్నారు కాబట్టి ఇద్దరూ ఒకేలా మోసపోతారు. ఒక్క చోటే చూసి వదిలెయ్యకండి, మూడు చోట్ల చూడాలి: మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్న గోడ, వరండాలో నీడలో గోడ, రాత్రి ట్యూబ్‌లైట్ కింద గోడ. ట్యూబ్‌లైట్ దగ్గర ఫోన్ కొంచెం తడబడొచ్చు, అక్కడ అర స్టాప్ తేడా వదిలెయ్యండి.

మూడు చోట్లా తేడా ఒకటే వస్తే, అంటే ఎక్కడ చూసినా మీ కెమెరా ఒక స్టాప్ తక్కువ ఎక్స్‌పోజర్ చెప్తోందనుకోండి, సంతోషించండి, అది జబ్బు కాదు, వయసు. 400 ఫిల్మ్ వేసి డయల్ 200 మీద పెట్టుకోండి, లెక్క సరి. ఒక స్టాప్ ఎక్కువ చెప్తుంటే 800 మీద పెట్టాలి. కెమెరా అడుగున చిన్న టేపు ముక్క మీద రాసి అంటిస్తే వచ్చే ఏడాదికి గుర్తుంటుంది. ఎండలో సరిగ్గా ఉండి నీడలో ఒక స్టాప్, ఇంట్లో రెండు స్టాపులు తప్పుతోందంటే మాత్రం వోల్టేజ్ తేడా గానీ సెల్ ముసలిదవ్వడం గానీ, ముందు సరైన బ్యాటరీ వేసి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే పగలు బయట ఆ మీటర్ని నమ్మండి, ఇంట్లో ఫోన్ని నమ్మండి. దానికోసం వేలు పోసి రిపేరు చేయించడం నా దృష్టిలో దండగ, ఆ డబ్బుకి ఎన్ని రోల్స్ వస్తాయో చూడండి.

బ్యాటరీయే లేని కెమెరాలు ఇంకో జాతి, ఓలింపస్ ట్రిప్ 35, జెనిట్ ఇ లాంటివి. ముందు భాగంలో తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉండే అద్దం కింద సెలీనియం ఉంటుంది, వెలుతురు పడితే అదే కరెంటు పుట్టిస్తుంది. ట్రిప్ 35 ని పరీక్షించడం సరదాగా ఉంటుంది, రింగ్‌ని ఏ అనే గుర్తు మీద పెట్టి ఆ గళ్ల అద్దాన్ని చేత్తో పూర్తిగా మూసి బటన్ నొక్కితే ఫైండర్లో ఎర్రజెండా లేచి షట్టర్ పడకూడదు. చెయ్యి తీసి ఎండవైపు తిప్పి నొక్కితే షట్టర్ పడాలి. ఎండలో కూడా జెండా లేస్తోందంటే సెల్ పోయినట్టు, లేదా తీగ ఊడినట్టు. మూసినా జెండా లేవట్లేదంటే ముల్లు ఎక్కడో ఇరుక్కుంది. సెలీనియంకి ముఖ్యమైన శత్రువు తేమ, మన సముద్రం వైపు అది ఎక్కువే, కాబట్టి గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు అమ్మకానికొచ్చే ఇలాంటి కెమెరా కొనే ముందు ఎండలోకి తీసుకెళ్లి చూడకుండా డబ్బులివ్వకండి. చచ్చిన సెలీనియంకి కొత్త ప్రాణం పోసే చిట్కాలు ఏవీ లేవు, వేరే కెమెరాలోంచి తీసి వెయ్యడమే.

మొదట్లో చెప్పిన మూడోరకం కంప్లైంటు, ఫోటోలు చీకటిగా వచ్చాయనేది. స్కాన్ చూసి తీర్పు చెప్పొద్దు, నెగటివ్ తెప్పించుకుని కిటికీ వెలుతురులో చూడండి. నెగటివ్ పల్చగా, దాదాపు ఖాళీగా ఉంటే వెలుతురు తక్కువ పడింది. బాగా నల్లగా దట్టంగా ఉంటే ఎక్కువ పడింది. తర్వాత అంచుల్లో కంపెనీ ముద్రించిన నంబర్లు చూడండి. బొమ్మలు పల్చగా ఉండి నంబర్లు ముదురుగా స్పష్టంగా ఉంటే కడగడం బాగానే జరిగింది, తప్పు మీ కెమెరా దగ్గరే. నంబర్లు కూడా వెలిసిపోయినట్టుంటే ల్యాబ్‌లో మందు పాతదో, టైం తక్కువో, మీటర్ని ఏమీ అనకండి. రోల్ మొత్తం దట్టంగా వస్తుంటే షట్టర్ మీద కూడా అనుమానం పెట్టుకోండి, పాత నూనె గట్టిపడితే షట్టర్ మెల్లగా నడుస్తుంది, మీటర్ 1/500 చెప్పింది, మీరు 1/500 పెట్టారు, అది మాత్రం 1/200 లా నడిచింది. వెనక తలుపు తెరిచి ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి మెల్ల స్పీడ్లు చూసుకోవచ్చు, 1 సెకను సరిగ్గా సెకను ఉందో లేదో చెవితోనే తెలుస్తుంది. లెన్స్‌లో అపర్చర్ రేకులకి నూనె పట్టి బద్ధకంగా మూసుకుంటున్నా ఇదే ఫలితం.

మీటర్ నిజంగా పోయిందని తేలినా, షట్టర్ మెకానికల్ అయితే, అంటే బ్యాటరీ లేకుండా పడేదైతే, కెమెరా పోయినట్టు కాదు. నిండు ఎండలో అపర్చర్ ఎఫ్ 16, షట్టర్ స్పీడ్ ఫిల్మ్ ఐఎస్ఓకి దగ్గరది, 200 ఫిల్మ్‌కి 1/250, 400 కి 1/500. పల్చటి మబ్బుకి ఎఫ్ 11, మబ్బుకి ఎఫ్ 8, వాన ముసురుకి ఎఫ్ 5.6, ఎండ రోజున చెట్టు నీడకి, ఇంటి అరుగు మీదకి ఎఫ్ 4. బీచ్‌లో ఇసక తిరిగి కొట్టే ఎండకి ఎఫ్ 22 దాకా పోవచ్చు. జీడితోటల్లో దట్టమైన నీడ ఉంటుంది, అక్కడ ఎఫ్ 4 మీద కూడా ఇంకో స్టాప్ ఇవ్వండి. కలర్ నెగటివ్ వాడుతుంటే అనుమానం వచ్చినప్పుడల్లా ఒక స్టాప్ ఎక్కువ వైపే మొగ్గండి, అది రెండు స్టాపులు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. స్లైడ్ ఫిల్మ్ అయితే ఈ ధైర్యం చెయ్యొద్దు, అర స్టాప్‌కే అలుగుతుంది.

రిపేరుకి ఇవ్వాలని నిర్ణయించుకుంటే ఊరికే "మీటర్ పనిచెయ్యట్లేదు" అని చెప్పకండి. ఏ బ్యాటరీ వేశారు, ఎన్ని వోల్టులుంది, మూడు చోట్లా ఎంత తేడా వచ్చింది, డయల్ తిప్పితే ఎగురుతోందా లేదా, ఇవి కాగితం మీద రాసి కెమెరాతో పాటు పెట్టండి, అతనికీ పని తగ్గుతుంది, మీకూ బిల్లు తగ్గుతుంది. ఫిల్మ్ కెమెరాలు చేసే చెయ్యి ఇప్పుడు మన వైపు తక్కువ, కొరియర్‌లో పంపాల్సి వస్తే బ్యాటరీ తీసేసి పంపండి. వానాకాలంలో కెమెరా వాడనప్పుడు కూడా అంతే, బ్యాటరీ బయట, కెమెరా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో, తోలు కేసులో మాత్రం వద్దు, తోలు తేమని పట్టి ఉంచి లెన్స్‌కి బూజు తెస్తుంది. బియ్యం డబ్బాలో కూడా పెట్టకండి, తేమ సంగతేమో గానీ తవుడు దుమ్ము మాత్రం లోపలికి చేరుతుంది.